నోటుమీది సంతకము : ఆర్థికవేత్త వై. వేణుగోపాలరెడ్డి

మన చేతులలో దినదినము మారు నోటును ఒకసారి వెలుతురుకు పట్టి చూడుడు. గాంధీ మహాత్ముని బొమ్మ, జలచిహ్నము, వరుస సంఖ్య అందరును చూచునవే. వానితోపాటు, ఈ నోటు తెచ్చినవారికి ఇందలి మొత్తము చెల్లించెదనని ఒక వాగ్దానము, దాని క్రింద ఒక సంతకము ఉన్నవి. ఆ సంతకము రిజర్వు బ్యాంకు గవర్నరుది. 2003 సెప్టెంబరు 6 నుండి 2008 సెప్టెంబరు 5 వరకు ఆ పీఠముపై ఉండినవారు యాగా వేణుగోపాలరెడ్డి గారు. వారి తరువాత అయిదేండ్లు దువ్వూరి సుబ్బారావు గారు. ఒకరు కడప జిల్లావారు, ఇంకొకరు ఏలూరులో పుట్టినవారు. పదేండ్లపాటు వరుసగా దేశపు నోట్లన్నిటిమీదను తెలుగువారి సంతకమే ఉండినదన్న సంగతి మనలో చాలామంది గమనించియుండరు.

ఆ వాగ్దానము పైకి కనబడునంత తేలికైనది కాదు. నూరు రూపాయల నోటుకు నూరు రూపాయలు ఇచ్చుట ఎవరికైనను సాధ్యమే. నేడు నూరు రూపాయలకు వచ్చు బియ్యము, నూలు, వంటనూనె రేపును ఇంచుమించు అంతే వచ్చునట్లు చూచుట కష్టము. మా బండారులంకలో మగ్గము నేయు కుటుంబమును తీసికొనుడు. పడుగు సిద్ధము చేయుట మొదలు చీర మడత పెట్టువరకు ఇంటిల్లిపాది కష్టపడిన పిమ్మట చేతికందునది మజూరీ. ఈ మజూరీ ఒకసారి నిర్ణయమైనచో సులభముగా కదలదు. బియ్యపు ధర అట్లు కాదు, వారము తిరుగకుండ మారగలదు. ధరలు పెరిగినప్పుడు మాస్టరు వీవరు కొంత తట్టుకొనును, సరకు నిలువచేసిన వర్తకుడు లాభపడును, మజూరీపై బ్రతుకువాడు మాత్రము ఎవ్వరును పన్ను వేయకుండగనే పన్ను కట్టినవాడగును. కాబట్టి బొంబాయిలోని రిజర్వు బ్యాంకు భవనములో ఎవరు కూర్చున్నారు, వారేమి చదువుకొన్నారు, ఎవరిమాట విని ఎవరిమాట త్రోసివేసినారు అను ప్రశ్నలు కోనసీమలోని మగ్గపు గుంటలో కూర్చున్నవానికిని సంబంధించినవే.

వేణుగోపాలరెడ్డి గారు 1941 ఆగస్టు 17న అప్పటి కడప జిల్లా పాటూరులో జన్మించినారు. మద్రాసు విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రము ఎం.ఏ., ఉస్మానియాలో డాక్టరేటు, హాలెండు దేశములో ఆర్థిక ప్రణాళికా శాస్త్రమున డిప్లొమా - ఇది వారి చదువు. 1964లో ఐ.ఏ.ఎస్.లో చేరినారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములో ఆర్థిక, ప్రణాళికా శాఖల కార్యదర్శిగా పనిచేసినారు. సర్కారు కొలువులో ప్రవేశించిన తరువాత చదువు కట్టిపెట్టువారే ఎక్కువ. వీరు అట్లు చేయలేదు. 1979లో మనదేశపు బహుళస్థాయి ప్రణాళికనుగూర్చి పుస్తకము ప్రచురించినారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో కొంతకాలము, ఉస్మానియాలో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వారి విజిటింగ్ ప్రొఫెసరుగా మరికొంతకాలము ఉన్నారు. ఇట్లు కచేరీకిని కళాశాలకును నడుమ రాకపోకలు సాగించిన మనిషిని దేశము మొదటిసారి నిజముగా పరీక్షించినది 1991లో.

ఆ సంవత్సరము జరిగినదానిని నేటి విద్యార్థులకు చెప్పినచో కట్టుకథ అనుకొందురు. విదేశముల నుండి పెట్రోలు, ఎరువులు, యంత్రములు కొనుటకు డాలర్లు కావలెను. జూన్ నాటికి మనవద్ద మిగిలిన విదేశమారక నిల్వ కొద్ది వారముల దిగుమతులకు మాత్రమే సరిపోవునట్లుండెను. అప్పు కిస్తీ ఒక్కటి తప్పినను ప్రపంచములో మరెవ్వరును మనకు అరువు ఇయ్యరు. అప్పుడు చేసినపని మన ఇండ్లలో కష్టకాలమున చేయుపనియే: బంగారము బయటికి తీసినారు. మేనెలలో ప్రభుత్వము వద్దనున్న సుమారు 20 టన్నులు స్టేటుబ్యాంకు ద్వారా స్విట్జర్లాండుకు పోయినది. జూలైలో రిజర్వు బ్యాంకు తన బంగారములో సుమారు 47 టన్నులను బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బ్యాంక్ ఆఫ్ జపాన్‌లకు కుదువపెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చినది. ఆ దినములలో కేంద్ర ఆర్థికశాఖలో విదేశ చెల్లింపుల వ్యవహారము చూచుచుండిన జాయింటు సెక్రటరీ రెడ్డిగారే. బంగారమును విమానాశ్రయమునకు చేరవేయు వాహనము దారిలో చెడి ఆగిపోవుటయు, కాపలావారు కంగారుపడుటయు వారి ఆత్మకథలో ఉన్నవి.

ఇంటి ఇల్లాలి మెడలోని నాంతాడు షావుకారు కొట్టుకు పోయిననాటి సంగతి ఆ ఇంటివారు మరచిపోరు. 1991ని దగ్గరగా చూచినవారును దానిని మరువలేదు. తరువాత డాక్టరు రంగరాజన్ అధ్యక్షతన విదేశచెల్లింపులపై ఏర్పడిన ఉన్నతస్థాయి సంఘమునకు రెడ్డిగారు సభ్యకార్యదర్శిగా ఉన్నారు. స్వల్పకాలపు విదేశీ అప్పులకు హద్దు ఉండవలెను, నిల్వలు పెంచుకొనవలెను అను జాగ్రత్త ఆ కాలమున మన విధానములో స్థిరపడినది.

1996లో వారు రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు అయినారు. 1997 ఆగస్టు 15న గోవాలో విదేశమారక వ్యాపారుల సభలో చేసిన ప్రసంగము ఒకటి చెప్పుకొనదగినది. ఇందలి శాస్త్రమును ఒక ఉదాహరణతో తెలిసికొందము. డాలరు విలువ 35 రూపాయలున్నప్పుడు మన ఊరి చీర ఒకటి 700 రూపాయలనుకొందము. అమెరికావానికి అది 20 డాలర్లు. మనదేశములో ధరలు పెరిగి అదే చీర 770 రూపాయలైనది, డాలరు మాత్రము 35 వద్దనే నిలిచినది. ఇప్పుడు వానికి 22 డాలర్లు. అమెరికాలో ధరలు అంతగా పెరుగనిచో వాడు మన చీర విడిచి వేరొక దేశపు గుడ్డ కొనును. కాగితముమీద రూపాయి బలముగా ఉన్నట్లే ఉండును, మన సరకు మాత్రము అమ్ముడుపోదు. ఇట్లు ధరల తేడాలను లెక్కలోనికి తీసికొని చూచినచో రూపాయి ఉండదగినదానికంటె ఎక్కువ విలువ వద్ద ఉన్నట్లు కనబడుచున్నదని రెడ్డిగారు ఆ సభలో సూచించినారు. కేంద్రబ్యాంకు అధికారులు ఇట్టివి పైకి చెప్పు ఆచారము లేదు. మార్కెటు కలవరపడినది. రూపాయి కొంత జారి, కొన్ని వారములలో డాలరుకు 36 దాటినది. కొందరు తప్పుపట్టినారు. అయితే అంతకు నెలన్నర ముందే, జూలై 2న, థాయిలాండు తన నాణెమును నిలుపలేక వదలివేసినది. ఆ మంట తూర్పు ఆసియా దేశములకు ప్రాకినది. కృత్రిమముగా నిలిపియుంచిన విలువ ఒక్కసారి కూలుటకంటె కొంచెముగా దిగుట మేలని మనమిప్పుడు సులభముగా అనగలము. ఆనాడు ముందుగా అనుటకు ధైర్యము కావలసియుండెను.

2002-03లో వాషింగ్టనులోని అంతర్జాతీయ ద్రవ్యనిధిలో భారత, శ్రీలంక, బంగ్లాదేశ్, భూటాన్‌ల తరఫున ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా పనిచేసి తిరిగివచ్చి రిజర్వు బ్యాంకు గవర్నరు పదవి చేపట్టినారు. 1991లో డాలర్లు లేక బాధ. ఇప్పుడు దానికి పూర్తిగా విరుద్ధమైన చిక్కు. ప్రపంచమందంతటను వడ్డీలు తక్కువగా ఉండినవి. డబ్బు లాభము వెదకుకొనుచు మనదేశమునకు వరదవలె వచ్చినది. 2008 మార్చి చివరకు మన విదేశమారక నిల్వలు 30,000 కోట్ల డాలర్లు దాటినవి. వచ్చిన డాలర్లను రిజర్వు బ్యాంకు కొనినచో వానికి మారుగా రూపాయలు విడుదలచేయవలెను. ఆ రూపాయలు బ్యాంకులలో చేరి, అప్పులై, భూముల ధరలను షేర్ల ధరలను ఎగదోయును.

గోదావరి డెల్టా పాఠకులకు ఈ చిక్కు విప్పిచెప్పుట తేలిక. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తి అయిననాటినుండి మన జీవనము నీటి కొలతమీద నడచుచున్నది. కాలువకు నీరు చాలనప్పుడు చేను ఎండును, ఎక్కువైనప్పుడు మునుగును. లాకు దగ్గర తలుపు ఎత్తుట, దించుట తెలిసినవాడు ఉండవలెను. రిజర్వు బ్యాంకు చేతిలోను ఇట్టి తలుపులు కొన్ని కలవు. రెడ్డిగారి కాలమున మూడింటిని ముఖ్యముగా వాడినారు.

మొదటిది 2004 ఏప్రిల్‌లో క్రొత్తగా పెట్టినది. డాలర్లు కొనుటవలన బయటపడిన రూపాయలను ప్రత్యేకమైన ప్రభుత్వపత్రములు అమ్మి వెనుకకు లాగివేయుట. ఆ సొమ్ము ప్రభుత్వము ఖర్చుపెట్టరాదు, వేరుగా ఉంచవలెను. మొదట 60,000 కోట్ల రూపాయల వరకు హద్దు పెట్టినారు. దీనిపై వడ్డీ ప్రభుత్వమే భరించవలెను గనుక ఇది ఉచితముగా వచ్చిన మందు కాదు.

రెండవది నగదు నిల్వ నిష్పత్తి. బ్యాంకులు తమకు వచ్చిన డిపాజిట్లలో ఇంత భాగము రిజర్వు బ్యాంకువద్ద ఉంచితీరవలెనన్న నియమమిది. నూరు రూపాయల డిపాజిటులో 9 రూపాయలు అట్లు ఉంచి 91 అప్పిచ్చినచో ఆ 91 మరొకచోట డిపాజిటగును. అందులో మరల 8.19 తీసి మిగిలిన 82.81 అప్పిత్తురు. ఈ శ్రేఢి సాగినకొలది మొదటి నూరునుండి గరిష్ఠముగా 1,111 రూపాయల డిపాజిట్లు పుట్టగలవు. నిష్పత్తి 4.5 అయినచో అదే నూరునుండి 2,222. గణితము చదివిన ఇంటర్మీడియటు విద్యార్థి ఎవరైనను దీనిని సరిచూడవచ్చును. జనము కొంత నగదు ఇంటనే ఉంచుకొందురు, బ్యాంకులపై ఇతర నియమములును ఉండును గనుక వాస్తవములో ఇంతదూరము పోదు. అయినను తలుపు బిగువు తెలియుటకు ఈ లెక్క చాలును. 2004 మధ్యలో 4.5 శాతముగా నుండిన ఈ నిష్పత్తి 2008 ఆగస్టు చివరకు సరిగా రెట్టింపై 9 అయినది.

మూడవది అన్నిటికంటె తెలివైనదని నా అభిప్రాయము. బ్యాంకు నష్టము వచ్చినప్పుడు తట్టుకొనుటకు ప్రతి అప్పు వెనుకను తన సొంత మూలధనము కొంత ఉంచవలెను. మనదేశములో మామూలు అప్పుకు నూటికి 9 రూపాయలు. ఒకరకపు అప్పు ఎక్కువ ప్రమాదకరమని తోచినచో దాని తూకమును పెంచవచ్చును. వ్యాపారభవనములు, స్థలముల అప్పుల తూకమును 2005 జూలైలో నూరునుండి 125కును, 2006 మేలో 150కిని పెంచినారు. అనగా నూరు రూపాయల అప్పుకు ఉంచవలసిన సొంతసొమ్ము 9 నుండి 13.50 అయినది. ఇంటి అప్పుల తూకమును అంతకుముందే, 2004 డిసెంబరులో, 50 నుండి 75కు పెంచినారు. దీనిలోని సొగసు ఏమనగా, కాలువ మొత్తము మూయకుండ ఒక్క బోదెను మాత్రమే కట్టుట. స్థలముల వ్యాపారికి అప్పు ప్రియమగును. రైతు అప్పు తూకము ఎప్పటివలెనే ఉండును. వడ్డీ రేటు పెంచినచో ఇద్దరికిని ఒకే దెబ్బ తగులును.

ఇవి జరిగినది కరవుకాలమున కాదని గుర్తుంచుకొనవలెను. దేశము ఏటికి 9 శాతము చొప్పున పెరుగుచుండెను. షేర్లు ఎగురుచుండెను. అమెరికాలో పెద్దపెద్ద పండితులు మార్కెట్లు తమ్ము తామే సరిదిద్దుకొనునని చెప్పుచుండిరి. అట్టి సమయమున పగ్గము బిగించువాడు పిరికివాడనియు, పాతకాలపువాడనియు పేరుపొందును. పరిశ్రమలవారు గొణిగినారు. ఆర్థికమంత్రితోడను అభిప్రాయభేదములు వచ్చినవని వారే 2017లో ఇంగ్లీషున వెలువరించిన ఆత్మకథలో దాచక చెప్పినారు. ఆ పుస్తకము పేరులోనే సలహా, అసమ్మతి అను రెండు మాటలున్నవి. గవర్నరును నియమించునది ప్రభుత్వమే, ప్రభుత్వమునకు నచ్చనిమాట చెప్పవలసినదియు గవర్నరే. ఈ ఇరకాటము చట్టములో వ్రాసి తీర్చగలిగినది కాదు.

దీనికి మరొక ప్రక్క కలదు. దానిని చెప్పకుండుట న్యాయము కాదు. తలుపు బిగించినప్పుడు తగులు దెబ్బ షేర్ల వ్యాపారికి మాత్రమే కాదు. ఒక నేతకుటుంబము పెంకుటిల్లు తీసి డాబా వేసికొనుటకు మూడు లక్షలు అప్పు తెచ్చినదనుకొందము. వడ్డీ నూటికి 8 నుండి 11 అయినచో మొదటి సంవత్సరమందే సుమారు 9,000 రూపాయలు ఎక్కువ కట్టవలెను. ఎన్ని చీరల మజూరీ అది! ధరలు పెరిగినను వీరికే నష్టము, ధరలు ఆపుటకు వడ్డీ పెంచినను వీరికే భారము. అందులో మొదటిది అంతులేనిది, రెండవదానికి ఒక గడువు ఉండును గనుక రెడ్డిగారి మార్గమే మంచిదని నేననుకొందును. ఆ కిస్తీ కట్టినవాడు వేరుగా అనుకొనినచో వానిని కాదనలేను.

2008 సెప్టెంబరు 5న వారు పదవి విడిచినారు. సరిగా పదిదినములకు, సెప్టెంబరు 15న, అమెరికాలో లీమన్ బ్రదర్స్ అను మహా ఋణసంస్థ కూలిపోయినది. ఇళ్ల అప్పులమీద అప్పులు పేర్చి కట్టిన మేడలు వరుసగా పడిపోయినవి. మనదేశమునకు దెబ్బ తగులలేదని కొందరందురు. అది నిజము కాదు. విదేశీ పెట్టుబడి వెనుకకు మళ్ళినది, రూపాయి జారినది, ఎగుమతులు తగ్గినవి. అయితే అమెరికాలోను ఇంగ్లండులోను వలె మన పెద్దబ్యాంకులేవియు కూలలేదు. ఆ సంవత్సరము డిసెంబరులోనే న్యూయార్కు టైమ్స్ పత్రిక భారతదేశము ఈ ప్రమాదము నెట్లు తప్పించుకొన్నదని వ్యాసము వ్రాసి రెడ్డిగారిని మెచ్చుకొన్నది. అంతకుముందు పిరికితనమనబడినది ఇప్పుడు దూరదృష్టి అయినది.

పీఠముమీదకు అప్పుడే వచ్చిన సుబ్బారావుగారు కాన్పూరు ఐ.ఐ.టి.లో భౌతికశాస్త్రము ఎం.ఎస్‌సి. చదివి, ఐ.ఏ.ఎస్.లో దేశమునకే మొదటివారై, ఆపైన అమెరికాలోని ఒహైయోలో అర్థశాస్త్రము, ఆంధ్ర విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందినవారు. భౌతికశాస్త్రము చెప్పుకొని బ్రతుకు నావంటివారికి ఇది కొంచెము గర్వకారణము. ఆయన చేయవలసినపని ఇప్పుడు తలుపులు ఎత్తుట. నగదు నిల్వ నిష్పత్తిని 9 నుండి 2009 జనవరికల్లా 5కును, బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చు స్వల్పకాల అప్పుపై వడ్డీని 9 నుండి ఏప్రిల్‌కల్లా 4.75కును దించినారు. నీరు కట్టి ఉంచినందువలననే వదలుటకు వీలైనది. అంతకుముందే నిష్పత్తి అడుగంటి ఉన్నచో దించుటకు ఏమి మిగిలియుండెడిది? అదే 2009లో రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి వద్ద 200 టన్నుల బంగారము కొన్నది. పద్దెనిమిదేండ్లక్రిందట బంగారము కుదువపెట్టిన బ్యాంకు ఇది. తరువాత ధరలు చెలరేగి 2010 మార్చి నుండి 2011 అక్టోబరు వరకు 13 సార్లు వడ్డీ పెంచవలసివచ్చినది గాని అది వేరొక వ్యాసమునకు తగిన కథ.

ఇచ్చట విజ్ఞానశాస్త్ర విద్యార్థి ఒక ప్రశ్న అడుగవలెను. తూకములు పెంచకుండినచో మన బ్యాంకులు నిజముగా కూలియుండెడివా? ప్రయోగశాలలో అయినచో రెండు గాజునాళికలు తీసికొని ఒకదానిలో ద్రావకము పోసి, రెండవదానిని పోయక ఉంచి పోల్చి చూతుము. దేశముతో ఆ పని చేయలేము. భారతదేశము, అమెరికా అట్టి జంటనాళికలు కావు. మన బ్యాంకులలో పెద్దభాగము 1969 నుండి ప్రభుత్వమువారివి. విదేశముల చిక్కుపత్రములు అవి కొన్నవి బహు తక్కువ. డబ్బు రాకపోకలపై ఆంక్షలు పూర్తిగా ఎత్తివేయలేదు. ఇవన్నియు కలిసి కాపాడినవి. రెడ్డిగారొక్కరే గోవర్ధనమెత్తినారనుట శాస్త్రము కాదు. కాని స్థలముల అప్పులు పొంగుచున్నప్పుడు వేరుగా వానినే గుర్తించి, సంవత్సరముల ముందుగా అడ్డుకట్ట వేసినవారు ప్రపంచమున చాల తక్కువమంది. ఐక్యరాజ్యసమితి పక్షాన జోసెఫ్ స్టిగ్లిట్జ్ అధ్యక్షతన ద్రవ్యవ్యవస్థ సంస్కరణలపై ఏర్పడిన నిపుణుల సంఘములో వారిని చేర్చుకొనుటకు కారణమదే కావచ్చును.

పత్రికలు అంతగా వ్రాయని పని ఒకటి మిగిలినది. ఒక మనిషికి బ్యాంకులో ఖాతా తెరచుటకు వందలో వేలో నిల్వ ఉండితీరవలెనన్నచో బీదవాడు గడపలోనే ఆగిపోవును. నిల్వ లేకనో, అతి తక్కువ నిల్వతోనో సాదాఖాతాలు తెరువవలెనని 2005 నవంబరులో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకు చెప్పినది. 2006 జనవరిలో, శాఖ లేనిచోట బ్యాంకు తరఫున ప్రతినిధులను నియమించుకొనవచ్చునని అనుమతి ఇచ్చినది. నేడు పల్లెలలో చిన్న యంత్రము చేతపట్టి వ్రేలిముద్ర వేయించుకొని పింఛను సొమ్ము, కూలిసొమ్ము చెల్లించు బ్యాంకు ప్రతినిధి ఆ ఉత్తరువు బిడ్డయే. 2014లో వచ్చిన జనధన ఖాతాలకు ముందటి మెట్టు ఇదే. ఖాతా ఉన్నంతమాత్రమున నూలు కొనుటకు అప్పు పుట్టదు. చేనేత కుటుంబము నేటికిని మాస్టరు వీవరుపైననే ఆధారపడుచున్నచోట్లు చాల కలవు. గడప దాటుట మాత్రము జరిగినది.

పదవి విడిచిన తరువాత రెడ్డిగారు మరల చదువుల ప్రక్కకే వచ్చి, హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఎమెరిటస్ ప్రొఫెసరుగా ఉన్నారు. 2010లో పద్మవిభూషణ్ వచ్చినది. 2013లో పదునాలుగవ ఆర్థిక సంఘమునకు అధ్యక్షులైనారు. కేంద్రము వసూలుచేయు పన్నులలో పంచదగిన మొత్తమునుండి రాష్ట్రముల వాటా 32 శాతము ఉండినది. దానిని 42 చేయుమని ఆ సంఘము 2014 డిసెంబరులో సిఫారసు చేసినది. కేంద్రము అంగీకరించి 2015-16 నుండి అయిదేండ్లు అమలుచేసినది. ఒక్క సంఘము వాటాను పది శాతము పెంచుట అంతకుముందు జరుగలేదు. రాష్ట్రము, జిల్లా, పల్లె ఎవరి ప్రణాళిక వారు వేసికొనుట ఎట్లు అని 1979లో పుస్తకము వ్రాసిన మనిషే, ముప్పదియయిదేండ్ల తరువాత ఆ లెక్కకు సొమ్ము చూపిన సంఘమునకు అధ్యక్షుడుగా ఉన్నాడు.